జిరాక్సు సాయిబు నలభై రోజులు

జిరాక్సు సాయిబు పోయాడన్న కబురు నాకు టీచర్ల సమావేశంలో కూర్చుని ఉండగా తెలిసింది. వేదిక మీద ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "పసిపిల్లలను ఎంట్రన్సు పరీక్షలకు రుద్దకండమ్మా. తెలివి ఉన్నవాడిలో అది దానంతటదే బయటపడుతుంది. మనం అడ్డం రాకుంటే చాలు" అని మాకు హితబోధ చేస్తున్నాడు. పక్కనున్న టీచరు తన ఫోను నా వైపు తిప్పింది. చదివాను. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది నాకు. ఈ మాటకు జవాబు చెప్పగలిగిన ఒక్క మనిషీ మట్టిలో కలిసిపోయాడు. ఈయనేమో గుక్కెడు నీళ్లు తాగి మళ్లీ అందుకున్నాడు.

సాయిబుకు పేరుంది. నేను రాయను. అంగడి బోర్డు మీదే తన పేరు వేయించుకోలేదాయన. 'జిరాక్సు' అని ఒక్క ముక్క రాయించాడు. "పేరు ఎందుకు వేయించలేదన్నా" అంటే "నేనెవురైతే జనాలకేం మేడం? వాళ్ల ఆధార్ కార్డులో నా మొగం వస్తాదా?" అనేవాడు. బెళుగుప్పలో బస్సు ఆగే చోట, టీ అంగడికీ మందుల అంగడికీ మధ్య, ఒక మనిషీ ఒక మిషనూ పట్టేంత జాగా ఆయనది. పంటల బీమా రోజుల్లో రైతులు పాసుపుస్తకాలు పట్టుకుని ఎండలో వరుస కట్టేవాళ్లు. ఒక్కొక్కరి ఆధార్ కార్డు తీసుకుని, ఫోటోను, మనిషిని మార్చి మార్చి చూసి, "ఏమప్పా, ఇది నువ్వేనా? కోళ్ల దొంగ మాదిరి ఉండావే" అంటేగానీ మిషన్లో పెట్టేవాడు కాదు. మిషను మొరాయిస్తే దాని డొక్కలో అరచేత్తో ఒకటి చరిచేవాడు. అది బుద్ధిగా పనిచేసేది. కళ్లజోడు ఎప్పుడూ నుదుటి మీదే ఉండేది. చదవాలంటే కాగితాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకునేవాడు. మరి జోడు ఎందుకంటే, "నేను చదువుకున్నోన్నని నలుగురికీ తెలీద్దా?" అని నవ్వేవాడు. చదివింది ఐదో తరగతి.

ఆ ఐదో తరగతి మనిషి మా టీచర్లందరినీ తలదన్నింది ఎలాగో చెప్పాలి. మా వైపు ఐదో తరగతి పిల్లలకు ఒక ఎంట్రన్సు ఉంటుంది. అందులో నెగ్గితే ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వమే హాస్టల్లో పెట్టి చదివిస్తుంది. తెలివైన పల్లెపిల్లల కోసమని పెట్టిన బడి అది. సీట్లు పిడికెడు, రాసేవాళ్లు జాతరంత మంది. ఉద్యోగస్తులు, కాస్త కలిగినవాళ్లు అనంతపురం నుంచి మాదిరి పేపర్లు తెచ్చి సాయిబు దగ్గర కాపీలు తీయించుకునేవాళ్లు. నల్లగా వచ్చినవి, వంకరగా వచ్చినవి, ఇంకు చాలక వెలిసిపోయినవి ఆయన ఒక అట్టపెట్టెలో పడేసేవాడు. బేరం లేని మధ్యాహ్నాల్లో వాటిని తీసి చదివేవాడు. చదవగా చదవగా ఆ పరీక్ష ఎక్కడ సూటిగా అడుగుతుందో, ఎక్కడ కాలు అడ్డం పెడుతుందో ఆయనకు పట్టుబడింది.

నేను బెళుగుప్ప దగ్గర ఒక ఊరి ప్రాథమిక పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్‌గా వెళ్లాను. ఆయన ఇల్లు ఆ ఊళ్లోనే. నేను చేరిన ఏడాది, చెనక్కాయ పనులు అయిపోయి చేలు బోడిగా ఉన్న రోజుల్లో, ఒక సాయంత్రం మోపెడ్ మీద బడికి వచ్చాడు.

"మేడం, బడి ఇడిసినాక ఒక రూము ఇప్పీండి. నలభై రోజులు. ఐదో తరగతి పిల్లోల్లను కూసోబెట్టుకుంటా. ఆ ఎంట్రన్సు ఉండాది గదా, దానికి."

నేను అప్పట్లో ఆ మైకు పెద్దమనిషి కులమే. "పదేళ్ల పిల్లలకు కోచింగ్ ఏందన్నా? పిల్లల్ని పిల్లల్లాగా ఉండనీ. తెలివి ఉంటే సీటు వస్తుంది. నన్నెవరు తయారు చేశారు? నేనూ ఇలాంటి పరీక్ష రాసి నెగ్గినదాన్నే" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది.

"మీది యా ఊరు మేడం?"

"గుంతకల్లు."

"మీ నాయన?"

"రైల్వేలో గార్డు."

"ఇంట్లో పేపరు వస్తాండెనా?"

"రోజూ వచ్చేది."

"మీ నాయన ఇంటికాడున్నప్పుడు మీతో ఆడుకుంటాండెనా?"

ఇందులో ఏముందిలే అని గొప్పగా చెప్పేశాను. మా నాయన దగ్గర రైళ్ల టైంటేబుల్ పుస్తకం ఉండేది. నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఫలానా బండిలో వచ్చి గుంతకల్లులో దిగితే బళ్లారికి ఏ బండి దొరుకుతుంది, ప్లాట్‌ఫారం మీద ఎంతసేపు కూర్చోవాలి అని అడిగేవాడు. నేను వేలు పెట్టి వెతికి చెప్పేదాన్ని. చెప్తే చెనక్కాయ ఉండ ఇచ్చేవాడు.

సాయిబు తొడ చరుచుకుని పగలబడి నవ్వాడు. "అది పదేండ్ల కోచింగు మేడం! నేనడిగేది నలభై రోజులే!"

నాకు ఒళ్లు మండిపోయింది. రూము ఇచ్చేది లేదు, వెళ్లిరమ్మన్నాను. ఆయన ముఖం చిన్నబుచ్చుకోలేదు. మోపెడ్ తొక్కి స్టార్టు చేసి, "ఇయ్యకపోతే యేట్లో కూసోబెడతా. శానా జాగా ఉండాది" అని వెళ్లిపోయాడు.

అన్నంత పనీ చేశాడు. మా ఊరి ఏట్లో నీళ్లు పారింది నేను ఆ బడిలో ఉన్నన్నాళ్లలో రెండుసార్లు చూశాను. మిగతా కాలమంతా ఇసుకే. నాలుగో రోజు సాయంత్రం ఇది ఆపించాలని గట్టిగా అనుకుని ఏటికి వెళ్లాను. ఇసుకలో పెద్ద చాప పరిచి ఉంది. ఆరుగురు పిల్లలు, వాళ్ల పక్కన ఆరుగురు పెద్దవాళ్లు. గాలికి లేచిపోకుండా కాగితాల మీద గులకరాళ్లు. పెద్దవాళ్ల ముందు కూడా కాగితాలున్నాయి!

అది ఆయన పద్ధతి. పిల్లను వదిలేసి పోతానంటే ఒప్పుకునేవాడు కాదు. అమ్మో నాయనో ఎవరో ఒకరు పక్కన కూర్చుని అదే పేపరు రాయాలి. చదువు రానివాళ్లకు బొమ్మల ప్రశ్నలు ఇచ్చేవాడు. ఒకే రకం బొమ్మల్లో తేడాగా ఉన్నది ఏది, అద్దంలో చూస్తే ఏ బొమ్మ ఎలా కనిపిస్తుంది, అలాంటివి. "మాకెందుకు సాయిబన్నా, మేం రాసి యా కలెక్టరు కావల్ల?" అని ఆడవాళ్లు సిగ్గుపడితే, "కలెక్టరు అయితే నాకో రేషన్ కార్డు ఇప్పీండి. ఇప్పుడు రాయండి" అనేవాడు.

నన్ను చూసి లేచి నిలబడలేదు. ఒక వంకర కాపీ తీసి చేతికిచ్చి, "వచ్చినారు గదా మేడం, కూసోండి, రాయండి" అన్నాడు. ఆరుగురు ఆడవాళ్లు నన్నే చూస్తున్నారు. కూర్చున్నాను.

కాగితాన్ని రెండు మడతలు పెట్టి, మూలలో ఒక చిల్లు పొడిచిన బొమ్మ. కాగితం విప్పితే చిల్లులు ఎక్కడెక్కడ వస్తాయి? నాలుగు జవాబులున్నాయి. నేను కళ్లు మూసుకుని మనసులో కాగితం విప్పుతున్నాను. నా పక్కన మారెక్క అనే ఆవిడ కూర్చుని ఉంది. కూలికి పోయే మనిషి, వేలిముద్ర తప్ప సంతకం రాదు. నేను ఇంకా రెండో మడతలో ఉండగానే మూడో బొమ్మ మీద టక్కున వేలు పెట్టింది. నేను రెండోది పెట్టాను. నాది తప్పు.

"నీకెట్ల తెలిసింది మారెక్కా?" అన్నాను, ఓడిపోయిన కోపం గొంతులో కనిపించకుండా.

"దీంట్లో ఏముండాది మేడం? మడిచిపెట్టిన చీరను ఎలుక కొరికిండాది. ఇప్పితే చిల్లులు యాడ పడతాయో మాకు తెలీదా?"

చాప మీద అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చెయ్యను?

ఆమె కూతురు శిరీష నా బడిలోనే ఐదో తరగతి. చురుకైన పిల్ల. ఉగాది పోగానే మేస్త్రి వ్యాను వస్తుంది, ఊళ్లో సగం మంది బెంగళూరుకు కట్టడం పనులకు పోతారు. మారెక్క పని చేస్తుంటే చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ ఏడాది నుంచి ఆ మనిషి శిరీష. సీటు వస్తే హాస్టలుకు, రాకపోతే బెంగళూరుకు. ఇంట్లో అలా తేల్చేశారు. ఆ సంగతి నాకు అప్పుడే, ఆ చాప మీదే తెలిసింది. హెడ్‌మిస్ట్రెస్‌ను, నాకు తెలియదు. జిరాక్సు సాయిబుకు తెలుసు.

తరువాతి ప్రశ్న పిల్లలది. నది, చెరువు, బావి, దారి. ఈ నాలుగింటిలో చేరనిది ఏది?

శిరీష "బావి" అంది.

నాలోని టీచరమ్మ ఊరుకోలేదు. "తప్పు. దారి. మిగతా మూడింట్లో నీళ్లుంటాయి కదా" అన్నాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "కాదు మేడం. యేట్లో నడిచి పోవచ్చు. చెరువులో నడిచి పోవచ్చు. దావలో నడిచి పోవచ్చు. బాయిలో నడిస్తే పడి సస్తాం."

నేను నోరు తెరిచేలోపు సాయిబు నా మీదికి తిరిగాడు. "తప్పెట్లయితాది మేడం? ఇప్పుడు మీరు కూసున్నది యాడ?"

నేను కూర్చున్నది నదిలో. చీర అంచు నిండా ఇసుక. నాకు సిగ్గేసింది. పరీక్షలో ఈ పిల్లకు సున్నా పడుతుంది, దిద్దేవాడు 'తెలివి తక్కువ' అనుకుంటాడు, నేనూ ఇందాక అలాగే అనుకున్నాను.

సాయిబు శిరీష ముందు గొంతుక్కూర్చున్నాడు. "నీది రైటు పాపా. అయితే ఈ పేపరు రాసినోడు మన యేరు చూల్లేదు. వాని ఊర్లో యేట్లో నీళ్లుంటాయి, చెరువులో నీళ్లుంటాయి. ఊరికి పోతే ఆ ఊరి బస్సే ఎక్కల్ల గదా? పరీచ్చ రాసేటప్పుడు వాని ఊరికి పోయినట్ల పోయి, వానికేం కావాల్నో అది రాసి, మల్ల మన ఊరికి వచ్చెయ్. ఆడే ఉండిపోవాకు."

"వానికి మన ఊరు ఎవురు చూపీయల్ల?" అంది శిరీష.

"నువ్వు చదువుకోని చూపిచ్చు" అన్నాడు.

మరునాడు రూము తెరిచి ఇచ్చాను. నేనూ కూర్చున్నాను, లెక్కలు చెప్పడానికి. ఆయన అడ్డు చెప్పలేదుగానీ, నేను లెక్క చేసి చూపించకముందే పిల్లలను ప్రశ్నలతో తిప్పలు పెడితే మాత్రం గుమ్మంలోంచి కేక వేసేవాడు. "చూపిచ్చి అడగండి మేడం! చూపీకుండా అడిగేది పోలీసోల్ల పని!" ఆయన పద్ధతులు ఆయనకున్నాయి. రోజుకు గంట, అంతే. ఇంటికి పని ఇవ్వకూడదు. ఏ పిల్లయినా ఏడ్చిందంటే ఆ పూటకు పుస్తకం మూసి ఆడుకోవడానికి పంపేసేవాడు. నలభై దాటి ఒక్కరోజు కూడా చెప్పేవాడు కాదు. "ఇంగా ఎక్కువ రుద్దితే అరుగుతారు. పిల్లోల్లప్పా, గిన్నెలా?"

కొన్నేళ్ల తరువాత ఒకసారి అంగడి దగ్గర ఆయన గొంతు బజారంతా వినిపించింది. ఎవరో కారులో వచ్చిన దంపతులు, ఐదేళ్ల పిల్లాణ్ణి వెంటబెట్టుకుని. బెంగళూరులో ఏదో పెద్ద బడిలో ఒకటో తరగతి సీటుకు పరీక్ష ఉందట, సాయిబు పేరు విని వచ్చారు. ఎంతైనా ఇస్తామన్నారు. పిల్లాడు ఒకటి నుంచి వంద దాకా ఇంగ్లీషులో వెనక నుంచి చెప్తున్నాడు, ఎవరూ అడగకుండానే. సాయిబు వాడి ముక్కు తన తువ్వాలుతో తుడిచి, "ఈని ముక్కు కారతాంటే మీకు కనపల్లేదు గానీ, ఈని తెలివి కనపడిందా? ఎత్తుకోని పోండి. మన్నులో ఆడనీండి" అని పంపేశాడు. ఆవిడకు కోపం వచ్చి, "మరి ఆ కూలోళ్ల పిల్లలకు చెప్తున్నావు కదా" అంది. "వాళ్లు శానా ఆడినారు తల్లీ. వాళ్లకు చూపిచ్చేటోల్లు లేరు. మీ వానికి ఆడుకునేదానికి లేదు. ఎవురికి లేంది వాళ్లకీయల్ల" అన్నాడు. కోచింగ్ మంచిదా చెడ్డదా అని సమావేశాల్లో గంటలు గంటలు వాదిస్తారు. నాకు ఇంతకంటే సూటి జవాబు ఎక్కడా దొరకలేదు.

ఆ మొదటి ఏడాది పరీక్ష అయింది. ఆరుగురూ పేపరంతా రాసి నవ్వుకుంటూ బయటికి వచ్చారు. ఎండాకాలం మొదట్లో ఫలితాలు వచ్చాయి. ఫోనులో జాబితా మూడుసార్లు పైనుంచి కిందికి వెతికాను. శిరీష నంబరు లేదు. మా ఆరుగురిలో ఒక్కరిదీ లేదు. తరువాతి ఏళ్లలో ఒకరిద్దరికి వచ్చాయి, అది వేరే సంగతి. ఆ రోజు మాత్రం బస్సెక్కి బెళుగుప్ప వెళ్లి, అంగడి ముందు నిలబడి సాయిబు మీద విరుచుకుపడ్డాను. "లేనిపోని ఆశలు పెట్టామన్నా ఆ పిల్లలకు. నేను మొదటే వద్దన్నాను. ఇప్పుడు శిరీష ముఖం ఎట్లా చూడాలి?"

ఆయన మిషను కట్టేశాడు.

"నేను ఐదులో ఉన్నప్పుడు ఇట్లాంటిదే ఒకటి రాసినా మేడం. మా సారు నన్ను లారీ ఎక్కిచ్చి పంపినాడు. పేపరు ఇచ్చినారు. ముందరపక్కంతా రాసి చేతులు కట్టుకోని కూసున్నా. ఇంగా గంట టైముండాది. వెనకపక్క గూడా ఉండాదని నాకు తెలీదు. మా బడిలో సారు అన్నీ బోర్డు మీద రాస్తాండె. బోర్డుకు వెనకపక్క ఏముంటాది?" నవ్వబోయి ఆగాడు. "రిజల్టు వచ్చినపొద్దు మా నాయన 'ఈడు మొద్దు' అన్న్యాడు. తెల్లారి సైకిలు షాపులో పెట్టినాడు. ఆయప్పను నేనేమీ అనను. ఆయప్ప ఆ పేపరు చూసింటే గదా? మొద్దని ఎవురో చెప్పి పంపినారు, నమ్మినాడు."

అప్పుడర్థమైంది నాకు, పెద్దవాళ్లను ఎందుకు చాప మీద కూర్చోబెట్టేవాడో. ఆయన అంగడి షట్టరు దించాడు. "పాండి, మారెక్క కాడికి పోదాం. రేపే గదా వ్యాను" అన్నాడు.

మేం వెళ్లేసరికి మారెక్క ఇంటి ముందు మేస్త్రి ఉన్నాడు. ముంగిట్లో మూటలు కట్టి ఉన్నాయి. ఫలితం అప్పటికే ఊరంతా పాకిపోయింది. శిరీష తమ్ముణ్ణి చంకనేసుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి. మేస్త్రి పుస్తకంలో పేర్లు రాసుకుంటూ, "పాప పేరు గూడా ఏసుకున్నా. సీటు రాల్యా గదా, ఇంగేం సదువు? మొద్దుదాన్ని బడిలో ఏసి ఏం జేస్తావు?" అన్నాడు.

మారెక్క మూట ముడి బిగిస్తున్నదల్లా ఆగింది.

"ఎవుర్ని మొద్దంటాండావు?"

"నేనంటినా? రిజల్టే చెప్పింది గదక్కా."

"ఆ పేపరు నేను రాసినా. నలభై దినాలు రాసినా. అది ఎంత కష్టమో నాకు తెల్సు. నా బిడ్డకు దాంట్లో ఎన్ని వస్తాయో నాకు తెల్సు. నువ్వు రాసినావా? ఒక్కటన్నా రాసినావా? ఇదో, సాయిబన్న ఈడే ఉండాడు. ఈపొద్దు ఒక పేపరు ఇప్పిస్తా, కూసో. నీకు నాకంటే ఎక్కువ వస్తే అప్పుడు అను నా బిడ్డను మొద్దని."

మేస్త్రి తన వెంట వచ్చిన ఇద్దరు మగవాళ్ల వైపు చూసి నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు.

మారెక్క శిరీష చంకలోంచి చంటివాణ్ణి తీసుకుని తన నడుముకు ఎక్కించుకుంది. "ఈన్ని నేనే ఎత్తుకోని పని చేస్తా. దాని పేరు కొట్టెయ్ ఆ బుక్కులోంచి. అది వాళ్లవ్వ కాడుండి బెళుగుప్ప హైస్కూలుకు పోతాది." ఒంటిచేత్తోనే మూట విప్పి, లోపలి నుంచి ఆ పిల్ల బట్టలు రెండు జతలు తీసి గుమ్మం లోపలికి విసిరింది. అప్పుడు నా వైపు తిరిగింది. తల దించలేదు.

"మేడం, ఇదొక్కటేనా పరీచ్చ? ఇంగా ఉండాయా? ఎన్నుంటే అన్ని తెప్పీండి. నేను మల్ల వచ్చినాక ఇద్దరం కూసోని రాస్తాం."